అంబలి అంటే చిన్నచూపా?

బదిలీ వచ్చిన ప్రతిసారీ మా ఇల్లు మారుతుంది, ఊరు మారుతుంది. అమ్మ అంబలి కాచే గిన్నె మాత్రం మారదు. ఒకసారి సీసాలో అంబలి పోసుకుని బడికి వెళ్తే, పుల్లటి వాసనంటూ పక్కవాళ్లు ముక్కు మూసుకున్నారు. సిగ్గేసి, తాగకుండా ఇంటికి తెచ్చేశాను.

ఛత్తీస్‌గఢ్‌లోని తర్రెంలో డ్యూటీ చేస్తున్న నాన్నకు ఫోన్‌లో చెబితే నవ్వారు. "బస్తర్‌లో దీన్ని మండియా పేజ్ అంటారమ్మా. ఎండలో పనికి వెళ్లేవాళ్లు ఎండు సొరకాయ బుర్రలో పోసుకెళ్తారు" అన్నారు. రాగిపిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియనిచ్చి, పొద్దున్న నూకలతో ఉడికిస్తారట. అచ్చం అమ్మ చేసినట్టే!

రెండుచోట్లా ఒకే పద్ధతి ఊరికే రాలేదు. గింజల్లో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది. అది ఇనుము, జింకు, కాల్షియంలను ఒంటికి సరిగా పట్టనివ్వదు. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా అది తగ్గుతుంది, గింజ తేలిగ్గా అరుగుతుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అది మనకు అందాలంటే ఒక రాత్రి ఓపిక పట్టాలి.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అప్పటి నుంచి రాగి బిస్కెట్లంటే అందరికీ గొప్పే. మరి అంబలి ఏం పాపం చేసింది? ఇడ్లీపిండి పులిస్తే రుచి, అంబలి పులిస్తే వాసనా?

ఇప్పుడు నా సీసాలో మళ్లీ అంబలే ఉంటోంది. అడిగినవాళ్లకు ఒక గుక్క పోస్తాను. ముక్కు మూసుకున్నవాళ్లకు కూడా!