తగ్గిందని మందు ఆపకండి

నేరేడ్‌మెట్‌లో మొన్నొక సాయంత్రం మందుల షాపు దగ్గర నిలబడ్డాను. నా ముందున్నాయన జేబులోంచి సగం చింపిన మాత్రల రేకు తీశాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇవే ఇంకో పది" అన్నాడు. చీటీ లేదు. రేకు మీద మిగిలిన అక్షరాలు కూడబలుక్కుంటే స్టిరాయిడ్ అని తెలిసింది. షాపు కుర్రాడు ఏమీ అడగలేదు. పక్కనున్న భార్యే నాతో అంది: "పేగుపూతండీ. నెత్తురు పడితే వేసుకుంటారు, తగ్గితే మానేస్తారు."

ప్రమాదమంతా ఆ 'తగ్గితే మానేస్తారు' దగ్గరే ఉంది. ఆవిడ పేగుపూత అన్న అల్సరేటివ్ కోలైటిస్, దానిలాంటిదే అయిన మరో పేగు జబ్బు క్రోన్స్ నివురు గప్పిన నిప్పులాంటివి. పైకి నెమ్మదించినా లోపల పేగు రాజుకుంటూనే ఉండొచ్చు. స్టిరాయిడ్ ఆ మంటను త్వరగా అణచగలదు గానీ మళ్లీ రాకుండా కాపలా కాయలేదు. నెలల తరబడి సొంతంగా వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది, కంట్లో శుక్లం వస్తుంది. వారాల తరబడి వాడి ఠక్కున ఆపితే మనిషి కుప్పకూలవచ్చు. డాక్టరు డోసు మెట్లు మెట్లుగా దించేది అందుకే. కాపలా మందులు వేరే ఉన్నాయి. అల్సరేటివ్ కోలైటిస్‌కు ఇచ్చే మెసలమీన్ వాటిలో ఒకటి. ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా వాటిని మింగాలి.

అసలు డాక్టరు చీటీ దాకా చేరేలోపే చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి. 'వేడి చేసింది' అని సబ్జా నీళ్లు తాగుతారు, 'మొలలే' అని బోర్డు చూసి ఎవరి దగ్గరికో వెళ్తారు. క్రోన్స్‌కూ పేగు టీబీకీ పోలిక ఎక్కువ. కొలనోస్కోపీ, ముక్క పరీక్ష చేశాక కూడా వైద్యులే తడబడే సందర్భాలున్నాయి. ఇది పట్నం తిండి తినేవాళ్ల జబ్బన్న నమ్మకమూ చెల్లదు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు పేగు లక్షణాలున్న 30 వేల మందికి పైగా పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెకూ పట్నానికీ పెద్ద తేడా కనబడలేదు.

పెళ్లికో ప్రయాణానికో ముందు విరేచనాలు ఆపే మాత్ర వేసుకునేవాళ్లకు మరో మాట. జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ మాత్ర వేస్తే పెద్దపేగు ఉబ్బి ప్రాణం మీదికి రావచ్చు. ఒళ్లునొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా దీన్ని రేపగలవు. రోజుకు 6 లేదా అంతకు మించి రక్త విరేచనాలు, వాటితోపాటు 100 దాటిన జ్వరమో, నిమిషానికి 90 దాటిన నాడీ వేగమో ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. గాంధీ ఆసుపత్రికైనా సరే, ఏ పెద్దాసుపత్రికైనా సరే, రాత్రికి రాత్రే వెళ్లండి. పెద్దపేగులో చాలాభాగం పాడైనవాళ్లకు 8 ఏళ్లు దాటాక క్యాన్సర్ భయం ఉంటుంది. నొప్పి లేకపోయినా డాక్టరు చెప్పిన గడువుకు కొలనోస్కోపీ చేయించుకోవాల్సిందే.

ఇక సిగ్గు. మందుకు లొంగనిది ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. రైలు ప్రయాణమే చూడండి. 2024 మార్చి నుంచి నేరేడ్‌మెట్ మీదుగా ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడుస్తోంది. అందరికీ సదుపాయమే. కానీ ఆ పెట్టెల్లో మరుగుదొడ్డి ఉండదు. దాంతో ఈ జబ్బున్న మనిషి పొద్దున్నుంచీ ఏమీ తినకుండా రైలెక్కుతాడు. అలా కడుపు మాడ్చుకుంటూ, పథ్యం పేరిట పెరుగన్నంతో సరిపెట్టుకుంటూ, నెత్తురు తక్కువై నీరసపడతాడు. ఆఫీసులో చెప్పడు, అత్తగారింట అసలే చెప్పడు. జపాన్ ప్రధాని షింజో అబే 2020లో ఇదే అల్సరేటివ్ కోలైటిస్ పేరు చెప్పి, కెమెరాల ముందు పదవి వదులుకున్నారు. 2007లో దిగిపోయినప్పుడూ ఈ జబ్బు బాధిస్తూనే ఉంది. మధ్యలో కొత్త మందుతో కుదుటపడి దాదాపు ఎనిమిదేళ్లు దేశాన్ని నడిపారు. మనం మేనేజరుతో "నాకు పేగు జబ్బుంది, బాత్రూంకు దగ్గర సీటివ్వండి" అనలేకపోతున్నాం. ఇంట్లోవాళ్లయినా "మళ్లీ బాత్రూమేనా?" అనడం మానాలి. సంచిలో ఒక జత బట్టలు, తడి టిష్యూలు, మందుల చీటీ ఫొటో పెట్టి పంపితే చాలు, సగం బెంగ తీరుతుంది.

ఆ సాయంత్రం ఆయన పది మాత్రలూ జేబులో వేసుకుంటుంటే, డాక్టరును ఎప్పుడు కలిశారని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఎల్లుండి తమ్ముడి కూతురి పెళ్లని ఆవిడ చెప్పింది. ఫంక్షన్ హాలుకు రెండుసార్లు ఫోన్ చేసి, బాత్రూం ఎటువైపో కనుక్కున్నాడట.