నూట పధ్నాలుగు మెట్లు

పెన్షను పుచ్చుకుని మా అబ్బాయి దగ్గరికి ఆరిగన్ చేరాను. తోచుబాటు కాక, 2016 వేసవిలో యక్వినా హెడ్ దీపస్తంభం చూపించే పనికి కుదిరాను. జీతం లేదు. "అటకమీంచి జాడీ దింపమంటే మోకాళ్ల నొప్పులన్నారుగా!" అంది మా ఆవిడ. అక్కడ మెట్లు 114.

స్తంభం ఎత్తు 93 అడుగులు. 1873 ఆగస్టు 20న తొలిసారి వెలిగించారు. అప్పుడది నూనె దీపం. కాపలావాళ్లు నూనె మోసుకుని ఆ మెట్లే ఎక్కేవారు. దీపం చుట్టూ పారిస్‌లో చేసిన గాజుపలకలు, మనిషెత్తును మించి. చెదిరిపోయే వెలుగును వంచి సముద్రం మీదికి తోస్తాయి. రెండు సెకన్లు వెలుగు, రెండు చీకటి, మళ్లీ రెండు వెలుగు, పధ్నాలుగు చీకటి. ఆ లెక్కనుబట్టే ఓడవాడు ఇది ఏ తీరమో పోల్చుకుంటాడు.

ఓనాడు తెలుగువాళ్లొచ్చారు. పిల్లలు పైకి పరుగెత్తారు. నాయనమ్మగారు కిందే కూర్చుండిపోయారు. సరే, నా ఉపన్యాసం ఆవిడకే వినిపించాను.

"మాది భీమిలి బాబూ. అయ్య వేటకెళ్తే ఒడ్డున కూకునేవాళ్లం. ఓ గాలివానకి తిరిగి రాలేదు. లైటు ఆయనకి అవుపడిందో లేదో! వానలో ఎంత దూరం అవుపడతాది ఇది?"

అంకెలన్నీ కంఠస్థమే. నోరు పెగల్లేదు.

"పైకెళ్లి చూద్దామా అమ్మా?" అన్నాను.

నా చెయ్యి పట్టుకుని లేచారు. నాలుగుచోట్ల ఆగాం. పైన ఆవిడ గాజువైపు చూడలేదు. కిటికీలోంచి సముద్రంకేసే చూస్తూ నిలబడ్డారు.

ఆ రాత్రి నా మోకాళ్ల సంగతి మా ఆవిడతో అనలేదు.