ఏనుగు పైస వెల ఎంత?

అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన మరునాడు మా విద్యార్థి ఒకడు అధ్యాపకుల గదిలోనికి వచ్చి, చేతిరుమాలు ముడి విప్పి, ఒక రాగి బిళ్లను మా బల్లపై ఉంచినాడు. అది అప్పుడే తోమిన చెంబువలె మెరుస్తున్నది. దానిపై ఏనుగు బొమ్మ. అంచుకు దగ్గరగా ఒక చిన్న రంధ్రము. "సార్, దీనికి ఎంత వస్తుంది?" అని అడిగినాడు. అది ఏ కాలపుదని గాని, దానిపై ఏమి వ్రాసి ఉన్నదని గాని అడుగలేదు. ఆ కుర్రవానిని తప్పు పట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. మా మనస్సులోనూ మొదట మెదిలినది ఆ ప్రశ్నయే.

అతడు అట్లు అడుగుటకు కారణము కలదు. అతని తండ్రి బేతంచర్ల దారిలోని బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలి. ఫోనులో ఒక ప్రకటన చూచినాడట. ట్రాక్టరు బొమ్మ గల పాత ఐదు రూపాయల నోటుకు, వైష్ణోదేవి బొమ్మ గల నాణెమునకు, ఏనుగు నాణెమునకు లక్షలు ఇస్తామని ఆ ప్రకటన సారాంశము. ఇంట ఉన్న ఏనుగు పైస ఫోటో పంపగా, వేలములో పదకొండు లక్షలకు పాట వచ్చినదని, కొనువాడు విదేశీయుడని జవాబు వచ్చినది. ముందు రిజిస్ట్రేషనుకు 1,250 రూపాయలు, పిమ్మట పన్నుకు 6,400, ఆ పైన ఇన్సూరెన్సుకు 9,000 కట్టమన్నారు. రెండు పొట్టేళ్లను అమ్మి కట్టినాడు. ఆ తరువాత ఆ ఫోను పలుకలేదు.

ఇట్టి మోసములు దేశమంతటా జరుగుతున్నవి. పాత నోట్లు, నాణెముల క్రయవిక్రయములతో తనకు ఎట్టి సంబంధము లేదని, తన పేర రుసుము అడుగువారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించవలసి వచ్చినది. వైష్ణోదేవి నాణెము 2012లో ముద్రించినది. ఐదు రూపాయలది నేటికిని అంగడిలో ఐదు రూపాయలకే చెల్లుతుంది. ఇక నూరేండ్లు దాటిన నాణెము 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి ప్రాచీన వస్తువు. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశము దాటించరాదు. కనుక ఏనుగు పైసను విదేశీయుడు కొంటాడన్న మాటలోనే అబద్ధము బయటపడుతున్నది. ఈ సంగతి ఆ తండ్రికి చెప్పువారు లేకపోయిరి. ఆయన కుమారునికి చదువు చెప్పు మేమును చెప్పి ఉండలేదు.

వేలమునకు మన సీమలో 'పాట' అని పేరు. పాటలో ఒక మైకము కలదు. మా బాల్యములో చెరువుకట్ట మీది చింతచెట్ల పాటకు మా దాదా వెంట పోయినాము. ఆయన కొనదలచి పోలేదు; చూచి రావలెనని పోయినారు. చావడి ముందు జనము గుమిగూడినది. "ఒకటోసారి... రెండోసారి..." అని తలారి కేక వేసినాడు. మూడవ మాటకు ముందు ఉండు ఆ క్షణకాలపు నిశ్శబ్దములో, ఎవరో వెనుకనుండి నెట్టినట్లు, మా దాదా నోట పది రూపాయల హెచ్చు పాట వెలువడినది. చెట్లు ఆయనవైనవి. ఆ యేడు కాపు లేదు. మా దాదీ ఆ సంగతిని ఆయన కన్నుమూయువరకు ఎత్తిపొడుస్తూనే ఉండినది.

ఆ మైకమునకు లోకములోని పెద్ద అంగళ్లలో ఎంత వెల పలుకుతుందో చూడుడు. అమెరికా దేశములో మన పైసవంటిది సెంటు. 1793లో ఫిలడెల్ఫియా టంకసాల ముద్రించిన మొదటి రాగి సెంట్లపై, అప్పటి పదునైదు రాష్ట్రములకు గుర్తుగా, పదునైదు కొక్కెముల గొలుసు బొమ్మ ఉన్నది. జనము దానిని సంకెల అనుకొన్నారు. కొద్ది వారములకే బొమ్మను మార్చివేసినారు. అట్టి గొలుసు సెంటు ఒకటి 2012 జనవరిలో వేలములో 13 లక్షల 80 వేల డాలర్లకు పోయినది. డాలరుకు నూరు సెంట్లు. అనగా ఒక్క సెంటును 13 కోట్ల 80 లక్షల సెంట్లు పోసి కొన్నారన్నమాట!

అంత ధర దాని అరుదుతనమునకు మాత్రమే రాలేదు. అది చెక్కు చెదరకుండ మిగిలినందుకు వచ్చినది. నాణెముల స్థితికి మార్కులు వేయు పద్ధతి ఒకటి ఉన్నది. విలియం షెల్డన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1949లో ప్రకటించిన గ్రంథములో పాత సెంట్లకు 1 మొదలు 70 వరకు మెట్లు ఏర్పరచినాడు. గుర్తుపట్టుటకు మాత్రము వీలైన నాణెము 1. ఏ లోపమును లేనిది 70. కనీస ధరను ఆ అంకెతో హెచ్చవేసిన వెల తేలవలెనని ఆయన లెక్క. ఆ లెక్క అంగడిలో ఎంతో కాలము నిలువలేదు గాని, అంకెలు నిలిచినవి. 1986 నుండి రుసుము పుచ్చుకొని మార్కులు వేసి, నాణెమును గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ముద్రవేయు సంస్థలు బయలుదేరినవి. 65 మార్కులకు, 66 మార్కులకు భేదము సామాన్యుని కంటికి కానరాదు. ధరలో మాత్రము ఆకాశమునకు భూమికి ఉన్నంత కానవచ్చును. మన విద్యార్థులు ఒక్క మార్కు కొరకు పునఃపరిశీలనకు దరఖాస్తు పెట్టినట్లే అక్కడి నాణెప్రియులును పెట్టెను పగులగొట్టి మరల మార్కులకు పంపుతారు.

ఈ కొలమానములో మమ్ము ఆశ్చర్యపరచిన అంశము ఒకటి. 60 మొదలు 70 వరకు ఉన్న పదకొండు మెట్లును ఎన్నడును చెలామణిలోనికి రాని నాణెములకే. అనగా ఉప్పు కొనని, కూలి తీర్చని, కొంగున ముడిపడని నాణెమునకే ప్రథమ శ్రేణి. నాణెము ఏ పని కొరకు పుట్టినదో ఆ పని చేసిన పాపమునకు దాని మార్కులు తగ్గుతవి. ఇంకొక మాట. మార్కుల పద్ధతిని నిర్మించిన ఆ షెల్డన్ మహాశయుడే, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భాండారములోని మేలైన సెంట్లను తీసికొని, వాటి స్థానములో తన వద్ద ఉన్న నాసిరకపు వాటిని ఉంచినట్లు ఆయన మరణానంతరము బయటపడినది. 40 కన్న 60 ఎక్కువ అన్న సూత్రము ముందు పండితునికే చేయి నిలువలేదు.

నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, ఈ పద్ధతివలన మేలును కలదు. ముద్రవేసిన పెట్టెవలన నకిలీ నాణెములు కొంత అదుపులోనికి వచ్చినవి. అక్షరములు చెదరని ఒక్క నాణెము దొరికిన, అరిగిపోయిన నూటిని చదువుటకు అది తాళపుచెవి అవుతుంది. మేమును మంచి నాణెమును చూచి మురిసిపోవువారమే. ఒకసారి హైదరాబాదులో ఒక వేలమునకు పోయి, జేబులో తిరుగు ప్రయాణపు టికెట్టు తప్ప వేరేమియు లేకయు, చేయి ఎత్తబోయి ఆపుకొన్నాము. దాదా రక్తము ఎక్కడికి పోతుంది?

అయినను వేలశాల నాణెమునకు కాపుదల కాదు. జహాంగీరు చక్రవర్తి 1613లో ఆగ్రా టంకసాలలో ముద్రింపించిన వేయి మొహరీల బంగారు నాణెము సుమారు 12 కిలోల బరువు. హైదరాబాదు నిజాముల వంశమునకు చేరిన ఆ నాణెము 1987 నవంబరులో స్విట్జర్లాండులోని జెనీవా వేలములో ప్రత్యక్షమైనది. పాట తెగలేదు. తరువాత అది ఎవరి వద్ద ఉన్నదో బయటి ప్రపంచమునకు తెలియదు. పళ్లెమంత నాణెము కనుమరుగైన చోట గోటియంత పైస మాట చెప్పవలెనా!

ఇక ఆ విద్యార్థి తెచ్చిన పైస సంగతి. మేము తెలుగు అధ్యాపకులము. చరిత్ర మా శాఖ కాదు. కనుక ఉర్దూ శాఖ మిత్రులను పిలిచినాము. భూతద్దము క్రింద ఏనుగు వెనుక వైపున 'జర్బ్' అను మాట, దాని పక్కన 'ఫైజ్ హిసార్' అను మాట వారు చదివినారు. ఆ విద్యార్థి నిర్ఘాంతపోయినాడు. ఏలయన, ఫైజ్ హిసార్ అనగా మన గుత్తి! 1776లో హైదరలీ మురారిరావు నుండి గుత్తి దుర్గమును గెలుచుకొన్నాడు. టిప్పు సుల్తాను దానికి ఫైజ్ హిసార్ అని పేరుపెట్టి అక్కడ టంకసాల నడిపినాడు. మన విద్యార్థులు రైలులో పోవుచు కిటికీ నుండి చూచు ఆ కొండమీదనే ఈ ఏనుగు పుట్టినది.

తేదీ వద్ద మరియొక చిక్కు వచ్చినది. విద్యార్థి ఎడమనుండి చదివి, ఏడెనిమిది వేల సంవత్సరమా అని నవ్వినాడు. ఉర్దూలో అక్షరములు కుడినుండి ఎడమకు నడిచినను అంకెలు ఎడమనుండియే నడుస్తవి. టిప్పు 1787 ప్రాంతమున మౌలూదీ శకమును ప్రవేశపెట్టినప్పుడు అంకెలను సైతము కుడినుండి వ్రాయించినాడు. అట్లు చదువగా 1, 2, 1 అని తేలినది. చివరి అంకె అరిగిపోయినది. సుల్తాను 1799లో మరణించినాడు. మరుసటి యేడు ఈ ప్రాంతమంతయు కంపెనీ వశమైనది. చివరి అంకె పోయినను పైస ఏ పదేండ్లలోనిదో చెప్పుటకు అడ్డములేదు.

"మీ ఇంటికి ఇది ఎట్లు వచ్చినది?" అని అప్పుడు అడిగినాము. అతని దాదీ గుత్తి ఆడపడుచు. పెండ్లియై డోనుకు వచ్చినప్పుడు మెడలో నల్లదారముతో ఈ ఏనుగు ఉండినదట. బిడ్డలకు దృష్టి తగులకుండ ఒకరి తరువాత ఒకరికి కట్టినారట. రంధ్రము అందుకే. పైసను వేలమునకు పంపిన, మార్కులు వేయువాడు రంధ్రమును చూచి పక్కన పెట్టివేస్తాడు. పైగా అమ్మకమునకు సిద్ధము చేయుటకని విద్యార్థి చింతపండు, బూడిద పెట్టి తోమినాడు. రెండు శతాబ్దముల కిలుము ఒక పూటలో పోయినది. తోమిన నాణెమును అంగడివారు దెబ్బతిన్నదిగానే లెక్కిస్తారు. కిలుముతో పాటు అక్షరముల అంచులును పోతవి కనుక ఇందులో వారితో మేమును ఏకీభవిస్తాము. విద్యార్థులారా, పాత నాణెమును తోమవద్దు. మీ అమ్మగారు బిందెను తోమినట్లు అసలే తోమవద్దు.

నాణెము ఎక్కడిదో తెలిసియుండుట ఎంత గొప్ప విషయమో కరీంనగర్ ప్రాంతపు కోటిలింగాల చెప్పుతుంది. గోదావరి ఒడ్డున ఒక స్థానికుడు ఓపికతో ఏరి ఉంచిన చిన్న నాణెములను 1970 దశకపు చివర పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివి ప్రకటించినారు. వాటిలో శాతవాహన మూలపురుషుడు సిముకుని పేరు ఉన్నది. అంతకు ముందటి రాజుల పేర్లును ఉన్నవి. శాతవాహనుల తొలినాళ్లను గూర్చి చరిత్రకారులు మరల ఆలోచింపవలసి వచ్చినది. అవే నాణెములు ఊరి పేరు పోగొట్టుకొని ఏ మహానగరపు అంగడికో చేరియున్న, సిముకుని పేరు మిగిలెడిదేమో గాని, కోటిలింగాల పేరు మిగిలెడిది కాదు.

ఈ ప్రసంగము ఇంత దూరము తెచ్చుటకు మా కళాశాలలోని ఒక రేకు డబ్బా కారణము. దాత ఒకరు ఏనాడో ఇచ్చిన హైదరాబాదు నాణెములు అందులో ఉన్నవి. వాటిని వేలమునకు పంపి, వచ్చిన సొమ్ముతో గ్రంథాలయమునకు బీరువాలు కొందమని కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చినది. ప్రతిపాదించిన పెద్దల ఉద్దేశము మంచిది. బీరువాలు లేక పుస్తకములు చెదల పాలగుట మేము రోజూ చూస్తున్నదే. అయినను ఈ ప్రతిపాదనను మేము వ్యతిరేకిస్తున్నాము.

ఆ డబ్బాలో ఒక్కటియు 60 మార్కుల నాణెము లేదు. అన్నియు చేతులు మారి అరిగినవే. రెండింటికి లంబాడీ నగలనుండి ఊడదీసిన కొక్కెపు గుర్తులు ఉన్నవి. అమ్మిన ఒక బీరువా తలుపైనను రాదు. చదివిన మాత్రము ఎంతో వస్తుంది. చార్మినారు గుమ్మములో 'మీమ్' ఉన్నచో అది మహబూబ్ అలీ ఖాన్ కాలపుది. 'ఐన్' ఉన్నచో ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుది. ఆసఫ్ జాహీ బిరుదముల క్రింద ఉన్న 92 అను అంకె సంవత్సరము కాదు. అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అను నామమునకు వచ్చు మొత్తము. మీమ్ 40, హే 8, మరల మీమ్ 40, దాల్ 4. ఉర్దూ తరగతిలో ఈ కూడికను పది నిమిషములలో నేర్పవచ్చును. తుంగభద్రకు ఆవల చెల్లిన ఈ నాణెములు ఈవలి ఒడ్డున ఉన్న మన ఊరికి ఏ సంతకు, ఏ పెండ్లికి, ఏ రైలులో వచ్చినవో ఇంటింట పెద్దలను అడిగి వ్రాసికొనుట తెలుగు తరగతి పని. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇంగ్లీషు రూపాయలు అను మారకమును ఎరిగిన ముసలివారు ఇంకను అక్కడక్కడ ఉన్నారు. వారు ఎల్లకాలము ఉండరు.

కనుక కమిటీవారిని మేము కోరునది ఒక గాజుపెట్టె, ఒక తాళము, ఒక రిజిస్టరు. రిజిస్టరులో బరువు, బొమ్మ, వ్రాతతో పాటు 'ఎవరి ఇంటినుండి, ఏ ఊరినుండి' అను గడి తప్పక ఉండవలెను. నాణెము భూమిలో దొరికినదైన, 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెనని విద్యార్థులకు ముందే చెప్పవలెను. దాచినందున చిక్కులే గాని లాభము లేదు.

రిజిస్టరు ఇంకను మంజూరు కాలేదు. ప్రస్తుతమునకు ఒక నోటుపుస్తకములో మొదటి పుటను ఏనుగు పైసకు కేటాయించి, దానిని కళాశాలకు ఇచ్చెదరేమో కనుక్కొని రమ్మని విద్యార్థిని పంపినాము. మరునాడు వచ్చి దాదీ మాట చెప్పినాడు: వ్రాసుకొనుటకు అభ్యంతరము లేదు, ఇచ్చుట మాత్రము కుదరదు; వచ్చే నెల మనుమరాలికి పురుడు. ఆ పుటలో 'ప్రస్తుతము ఉన్న చోటు' అను గడిలో మేము 'దాదీ పెట్టె, డోన్' అని వ్రాసినాము.