తుపాకీకి పార్టీ ఉండరాదు

సెప్టెంబరు 17 దగ్గరపడుతుంటే చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల ముస్లిం కుటుంబాలను ఒక సంకోచం కమ్ముకుంటుంది. ఆ దినాన్ని కేంద్రం విమోచన దినమంటుంది. రాష్ట్రంలో ఒక ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది, మరొకటి ప్రజాపాలన దినోత్సవమన్నది. పేరేదైనా వేదికల మీది ‘రజాకార్’ అనే మాట మన పిల్లల వైపే తిరుగుతుంది. దీనికి మౌనం జవాబు కాదు. ఆ చరిత్రను మనమే నిండుగా చెప్పాలి.

రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు. ఆ పేరుతో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సాయుధ దళాన్ని పెంచింది. స్టేట్ కాంగ్రెస్ ఏళ్ల తరబడి నిషేధంలో మగ్గిన నిజాం సంస్థానంలో, 1947 చివరికి ఖాసిం రజ్వీ మాటే శాసనమైంది. ‘అనల్ మాలిక్’, అంటే నేనే ప్రభువును అన్న నినాదాన్ని సెంటు భూమి లేని పేద ముస్లింకు సైతం నూరిపోశారు. ప్రశ్నించినవాడు ద్రోహి అయ్యాడు. పల్లెల్లో రైతులు బలయ్యారు. రజాకార్లను ఎదిరించి రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదులో చంపారు. ఆయనా ముస్లిమే.

సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య అయిదు రోజుల్లో ముగిసింది. రజ్వీ జైలుకు వెళ్లి, 1957లో విడుదలై పాకిస్తాన్ చేరాడు. ఆ నినాదానికి మూల్యం చెల్లించింది మాత్రం సామాన్య ముస్లిం. పోలీసు చర్య కాలంలోనూ ఆ తరువాతా 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. కొన్నిచోట్ల యూనిఫాం ధరించినవారూ ఆ హింసలో పాలుపంచుకున్నారని రాసింది.

చైనాలో సైన్యం నేటికీ కమ్యూనిస్టు పార్టీకి విధేయత ప్రకటిస్తుంది. మన సైనికుడు ప్రమాణం చేసేది రాజ్యాంగానికి. ఆ తేడాయే మైనారిటీలకు రక్ష. కాబట్టి సైనిక్ స్కూళ్ల నిర్వహణలో ప్రైవేటు సంస్థలకు చోటిచ్చిన 2021 విధానాన్ని మనం కళ్లు తెరిచి గమనించాలి. ఏ పార్టీ భావజాలమూ, అది ఎవరిదైనా సరే, ఆ తరగతి గదుల్లోకి రారాదు.

మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి పేరును మన జిల్లా మోస్తున్నది. ఆ పేరుతో పాటు షోయబుల్లా ఖాన్ పేరు కూడా మన బడుల్లో వినిపించాలి. సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వం తెలుగులో, ఉర్దూలో అచ్చువేయాలి. రజాకార్ల చేతిలో చనిపోయిన రైతు కోసం, ఆ తరువాత చనిపోయిన ముస్లిం కోసం ఒకే గొంతుతో దుఃఖించగలిగిన నాడే సెప్టెంబరు 17 మనందరిదవుతుంది.