పెదవి కుట్టించారు సరే... అంగిలి సంగతి?

ఈమధ్య ఓపీకి ఐదేళ్ల బాబును జ్వరమని తీసుకొచ్చారు. పేరడిగితే చెప్పాడు, నాకు అర్థం కాలేదు. ప్రతి మాటా ముక్కులోంచే వస్తోంది. పైపెదవి మీద సన్నటి కుట్ల మచ్చ ఉంది. టార్చి వేసి చూస్తే అంగిలి రెండుగా చీలి ఉంది. 'గ్రహణంమొర్రి చిన్నప్పుడే కుట్టించాం కదా సార్' అంది తల్లి. పెదవి పైకి కనిపిస్తుంది కాబట్టి నెలల వయసులోనే కుట్టించారు. అంగిలి ఎవరికీ కనిపించదు. పెద్దయ్యాక చూద్దాంలే అనుకున్నారు.

అసలు అంగిలి ఆపరేషన్ ఎప్పుడు చేయాలన్నది డాక్టర్ల మధ్యా చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్నే. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన 'టాప్స్' అధ్యయనం కొంత స్పష్టత ఇచ్చింది. ఐరోపా, దక్షిణ అమెరికాల్లో అంగిలి చీలిక మాత్రమే ఉన్న 558 మంది పసివాళ్లలో సగం మందికి ఆరో నెలలో, మిగతావారికి పన్నెండో నెలలో ఆపరేషన్‌కు సమయం నిర్ణయించారు. ఐదేళ్లకు వాళ్ల మాట పరీక్షించారు. మాట్లాడేటప్పుడు అంగిలి సరిగా మూసుకోని పిల్లలు మొదటి జట్టులో 8.9 శాతం, రెండో జట్టులో 15 శాతం.

అలాగని ఆరో నెల రాగానే పరుగెత్తమని కాదు. అది ఆరోగ్యంగా ఉన్న పిల్లల మీద, మత్తు, నర్సింగ్ వసతులు బాగా ఉన్నచోట జరిగిన అధ్యయనం. నేను సర్జన్‌ను కాను, ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ చూసేవాణ్ని. ఈ పిల్లలు పాలు సరిగా చీకలేరు, తాగినవి ముక్కులోంచి వచ్చేస్తాయి. బరువు చాలక, రక్తం తక్కువై వెనక్కి పంపాల్సి వస్తుంది. మన దగ్గర సాధారణంగా తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపు చేస్తారు. నన్నడిగితే మన గొడవ ఆరా పన్నెండా అని కాదు, ఏడాదా ఐదేళ్లా అని.

అంగిలి కుట్టడమంటే రంధ్రం మూయడమే అనుకుంటారు. కీలకమైన పని కండరానిది. మామూలుగా మెత్తటి అంగిలిలోని కండరం అడ్డంగా, ఊయలలా ఉండి, మాట్లాడేటప్పుడు పైకి లేచి ముక్కుదారి మూస్తుంది. చీలిక ఉన్నవాళ్లలో అది నిలువుగా తిరిగి ఎముక అంచుకు అతుక్కుంటుంది. సర్జన్ దాన్ని విడదీసి, వెనక్కి తిప్పి, అడ్డంగా కలిపి కుడతారు. ఫర్లో పద్ధతిలో పొరలను జెడ్ ఆకారంలో కోసి అటూ ఇటూ మార్చి అంగిలి పొడవు కూడా పెంచుతారు. చీలిక వెడల్పును బట్టి పద్ధతి ఎంచుకుంటారు. ఫలానాదే చేయమని పట్టుబట్టొద్దు.

ఇంటికొచ్చాక రెండుమూడు వారాలు జాగ్రత్త. జావ, పలుచటి పప్పుకట్టు, మెత్తగా వడగట్టినవే పెట్టాలి. ప్రతిసారీ తర్వాత రెండు గుక్కలు నీళ్లు తాగించాలి. చెంచా నోటి లోపలికి పెట్టొద్దు. మురుకులు, బిస్కెట్లు, పెన్నులు చేతికి అందనివ్వొద్దు. వేళ్లు నోట్లో పెట్టకుండా మోచేతులకు కట్టు వేస్తే, ఏడుస్తున్నాడని నానమ్మలు విప్పేస్తుంటారు! ఒకటి రెండు రోజులు ఉమ్ము గులాబీ రంగులో ఉంటుంది. ఎర్రటి రక్తం వచ్చినా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా, ఏమీ తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గ్రహణంమొర్రి, అంగిలి చీలిక రెండూ ఉన్నాయి. డబ్బు ఖర్చు లేకుండా ఆపరేషన్ అవుతుంది. జారిపోయేది ఆ తర్వాతే. చాలామంది పిల్లలకు స్పీచ్ థెరపీ కావాలి, అది వారాలు నెలలు నడుస్తుంది. జిల్లాల్లో థెరపిస్టులు తక్కువ, కూలి మానుకుని నగరానికి ఎన్నిసార్లు వస్తారు? చెవి సంగతీ ఎవరూ అడగరు. ఈ పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గడం మామూలే. వినపడని మాట పలకడమెలా?

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి 'పాప, పాప' అనమనండి. అద్దం మసకబారినా, 'పాప' కాస్తా 'మామ'లా వినిపించినా సర్జన్‌కు, స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. ఆ బాబుకు జ్వరం తగ్గాక ఆపరేషన్‌కు రాసి పంపాను. ఆలస్యమైనా ప్రయోజనం ఉంటుంది, థెరపీ మాత్రం ఎక్కువ కాలం పడుతుందని తల్లికి చెప్పాను. జూన్‌లో బడిలో వేయాలి, ఈలోపు మాట వస్తుందా అని అడిగిందావిడ.