సంపాదకుని మాట: పట్టా యొకచోట, పని యొకచోట

పని నేర్చువాఁడు పనిచోటనే కొంతకాలము మెలఁగవలెనను భావము 1961 నాఁటి అప్రెంటిసుల చట్టముననే యున్నను, నిర్మాణరంగమున శిక్షణాలయ మొక దారిని, కట్టడపు స్థల మొక దారిని నడచుచున్నవి. హైదరాబాదు పడమటి దిక్కున లేచుచున్న బహుళ అంతస్తుల సౌధములలో, ఇటుకగోడలకు మాఱుగా అల్యూమినియపు పలకల నమర్చి గోడను, కప్పును ఏకకాలమున కాంక్రీటుతో పోయు విధానము (మేస్త్రీలు మైవాన్ పని యందురు) ప్రబలియుండఁగా, ఇటుకపేర్పు మాత్రమే అభ్యసించి పట్టా పుచ్చుకొన్న యువకుఁ డచ్చటి కేఁగి దిక్కుతోఁచక నిలుచుట యాతని దోషము గాదు. పలకల క్రమమును పటములో గుర్తించుట, పిన్నులు బిగించుట, తూకపుగుండుతో నిలువు సరిచూచుట యాతని కెవ్వరు నేర్పిరి?

ఈ నగరముననే 1998లో నెలకొన్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వంటి సంస్థలు పూనిన కార్యము శ్లాఘ్యమే. అయినను, పాఠ్యప్రణాళిక రచించు వేళ పిలిచినను రాని గుత్తేదారులు, పిదప పనివాఁడు పనికిరాఁడని నిందించుట మాకు రుచింపదు. ఇఁక పాలమూరు కూలీల మాట వేఱు: దేశమెల్లెడల ఆనకట్టలు కట్టిన యా చేతులకు నేర్పు కలదు, పట్టా లేదు. అట్టివారిని పరీక్షించి యోగ్యతాపత్ర మొసఁగు పద్ధతిని గూర్చిన చర్చకే యీ సంచికలో అధికభాగము కేటాయించితిమి.