డోపమైన్‌ను కొలిచినచో ఆత్మకేమి భయము?

మెదడులోని డోపమైన్‌ను సెన్సారు కొలుచుననగానే పాతబస్తీ సత్సంగములలో కొందఱు నాస్తికమని గర్జింతురు. ఛాందోగ్యమును చదివినవారి మాటయేనా ఇది? శ్వేతకేతువు 15 దినములు నీరు మాత్రమే త్రాగి వేదము మఱచెను. భుజించిన పిదప స్మరించెను. మనస్సు అన్నమయమని ఉద్దాలకుడు ప్రయోగపూర్వకముగనే చూపినాడు. 1888, 1889లలో ఈ నగరముననే నిజాం వ్యయముతో క్లోరోఫామ్ కమిషన్లు మత్తును పరీక్షించినవి. ఆత్మకేమి కొఱత వచ్చెను?

డోపమైనే ఆనందమనువారు మఱింత తొందరపాటువారు. ఎలక్ట్రోడుపై డోపమైన్ ఆక్సీకరణము చెందగా పుట్టు స్వల్ప విద్యుత్ప్రవాహమే వారి కొలత. ఆస్కార్బిక్ ఆమ్లమును ఇంచుమించు అదే పొటెన్షియల్ వద్ద ఆక్సీకరణము చెందును. ఆ రెంటిని విడదీయుటకే గ్రాఫీన్, సువర్ణ నానోకణముల పూత. రెండు దృశ్యములను వేఱుపఱచుటకే ఇంత శ్రమ! ఆ కొలతను చదువుచున్న ద్రష్ట ఏ పొటెన్షియల్ వద్ద ఆక్సీకరణము చెందునో చెప్పుదురా?